కనిపించని దారము

మీలో గాలిపటము నెగురవేయనివారు మిక్కిలి అరుదు. సంక్రాంతి దినములలో మిద్దెల మీదను మైదానములలోను నిలిచి, దారమును వదలుచు, లాగుచు, పటమును మబ్బులవైపు నడిపించిన యనుభవము మీకు కలదు. పటము ఎంత ఎత్తున నున్నను దాని దారము మీ వ్రేళ్ల నడుమనే యుండును. పటము ఒక ప్రక్కకు వాలినచో ఆ సంగతి కంటికన్న ముందుగా వ్రేలికి తెలియును. దారము తెగెనా, ఇక ఆ పటము మీది కాదు, గాలిది. అది ఎవరి పెరటిలో పడునో, ఏ తీగపై చిక్కుకొనునో ఎవ్వరును చెప్పజాలరు.

నే నిప్పుడు చెప్పబోవు నమూనా విమానమునకును ఒక దారము కలదు. అది కంటికి కనబడదు, చేతికి తగులదు. అది రేడియో తరంగము. నేలపై నిలిచినవాడు తన చేతిలోని పెట్టెపై రెండు మీటలను కదల్చుచుండగా ఆకాశమున నున్న విమానము లేచును, దిగును, వలయముగా తిరుగును. దీనిని పిల్లల యాటగా తలచి తేలికగా చూచువారు కలరు. ఆట యనుటలో తప్పు లేదు. కాని గాలిపటము మీద పడినచో నవ్వి లేచిపోవుదుము. 900 గ్రాముల విమానము గంటకు 54 కిలోమీటర్ల వేగముతో వచ్చి తాకినచో ఆ దెబ్బ, కిలోగ్రాము రాయి పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి పడినప్పటి దెబ్బకు దాదాపు సమానము. ఈ లెక్కను మీ విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయునితో కూడి మీరే చేసి చూచుకొనవచ్చును.

నమూనా విమానముల చరిత్ర మనుష్యుల నెక్కించుకొను విమానముల చరిత్రకన్న పెద్దది. 1871లో ఫ్రాన్సు దేశమున ఆల్ఫాన్స్ పెనో అను యువకుడు రబ్బరు త్రాటిని మెలిపెట్టి, ఆ మెలి విడిపోవునపుడు పంకా తిరుగునట్లు చేసి, ప్యారిస్ నగరపు ఉద్యానవనములో ఒక చిన్న విమానమును 11 సెకనుల కాలము, సుమారు 40 మీటర్ల దూరము ఎగురవేసెను. తోకను సరియైన కోణమున అమర్చినచో విమానము తనంత తాను నిలకడగా పోగలదని అతడు చూపెను. అతని పద్ధతి ననుసరించి చేసిన రబ్బరు త్రాటి బొమ్మ నొకదానిని, నిట్టనిలువుగా పైకి లేచుదానిని, 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు తన కుమారులకు తెచ్చి యిచ్చెను. ఆ కుమారులే రైటు సోదరులు. 1937లో అమెరికాలోనే వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవలలు, ఒకరు విమానమును, వేరొకరు రేడియోను నిర్మించి, "గఫ్" అను నమూనా విమానమును నేలపైనుండి నడిపిరి. స్మిత్సోనియన్ సంస్థవారి విమాన ప్రదర్శనశాల దానిని భద్రపరచినది.

వీరందరిలోను నాకు మిక్కిలి ఇష్టుడు మేనార్డ్ హిల్ అను వృద్ధుడు. 2003వ సంవత్సరము ఆగస్టు నెలలో, తన 77వ యేట, ఈయన బృందమువారు 5 కిలోగ్రాములకన్న తక్కువ బరువుగల ఒక బాల్సా కొయ్య విమానమును కెనడా దేశపు తూర్పు తీరమున నెగురవేసిరి. అది అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, సుమారు 3,000 కిలోమీటర్లు ప్రయాణము చేసి, 38 గంటలకు పైగా గాలిలో నుండి, ఐర్లండు తీరమున దిగెను. ఎక్కునపుడును దిగునపుడును మనుష్యులు రేడియోతో నడిపిరి. నడిసముద్రముపై లోనున్న యంత్రమే దారి చూచుకొనెను. అంతకు ముందు పంపినవి కొన్ని సముద్రము పాలైనవి. అప్పటికి హిల్‌గారికి చూపు చాలవరకు పోయినది, వినికిడియు తగ్గినది. అట్టివాడు వ్రేళ్లతో తడిమి కొయ్యను చెక్కెనని తెలిసినపుడు, నా కండ్లజోడును సవరించుకొనుచు "నాకు వయసు మీరినది" అనుటకు నేను సిగ్గుపడితిని.

నేను ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి, ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందినవాడను. గణములు లెక్కించువానికి గగనయానముతో నేమి పని యని మీ రడుగవచ్చును. నా పూర్వ విద్యార్థి యొకడు పట్టణమున యంత్రముల మరమ్మతు దుకాణము నడుపుచున్నాడు. కళాశాలలో చదువునపుడు ఎన్.సి.సి. వైమానిక విభాగమున చేరి, అచట నమూనా విమానముల నిర్మాణము నేర్చినవాడు. ఒకనాడు వాని దుకాణములో సగము కట్టిన రెక్కను చూచి నేను ఊరకుండలేక చేతిలోనికి తీసికొంటిని. "మాస్టారూ, పద్యంలో ఒక్క అక్షరం ఎక్కువైతే మీరు మా చెవి మెలిపెట్టేవారు. ఇక్కడ పది గ్రాములు ఎక్కువైతే విమానమే మా చెవి మెలిపెడుతుంది" అని వాడు నవ్వెను. ఆనాటినుండి నేను వానికి శిష్యుడనైతిని. తరువాత మా యూరి పిల్లలు నాకు శిష్యులైరి.

మొదట విమానము ఎట్లు ఎగురునో కొంచెము తెలిసికొందము. పంకా గాలిని వెనుకకు త్రోయును, విమానము ముందుకు పోవును. ముందుకు పోవు రెక్క, కొంచెము ముక్కెత్తి యుండుటచేతను, పై భాగము గుబ్బగా నుండుటచేతను, తనను దాటిపోవు గాలిని క్రిందికి మళ్లించును. గాలిని క్రిందికి నెట్టిన రెక్కను గాలి పైకి నెట్టును. వేగము తగ్గినచో ఈ నెట్టుడు తగ్గును. ముక్కును మితిమించి పైకెత్తినచో గాలి రెక్క పైభాగమును అంటిపెట్టుకొని పోజాలక విడిపోవును; అపుడు రెక్క పట్టు తప్పి విమానము రాయివలె జారును. మేము కట్టిన విమానమునకు గంటకు సుమారు 26 కిలోమీటర్లకన్న వేగము తగ్గరాదు. గాలిలో నున్న విమానమునకు వేగమే నేల.

నేర్చుకొనువానికి తగిన విమానమునకు రెక్క మొండెము పైభాగమున నుండవలెను. బరువు రెక్క క్రింద వ్రేలాడుచుండును గనుక అది ప్రక్కకు వాలినను సర్దుకొనును. రెక్క రెండు కొనలును నడుమకన్న 3 సెంటీమీటర్లు ఎత్తుగా నుండునట్లు వంచినచో ఆ నిలకడ ఇంకను హెచ్చును. గ్రద్ద గాలిలో తేలునపుడు దాని రెక్కలను గమనింపుడు. మా విమానపు రెక్క ఒక కొననుండి వేరొక కొనకు 120 సెంటీమీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. తోకపలక వైశాల్యము రెక్క వైశాల్యములో అయిదవ వంతు.

కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యతో చేయుదురని మీరెరుగుదురు. చేతికి తేలికగా, ఉలికి మెత్తగా నుండుటచేత బొమ్మల శిల్పులు దానిని వరించిరి. అట్టి కారణముచేతనే విమానపు నమూనాలకు దక్షిణ అమెరికాలో పెరుగు బాల్సా కొయ్యను వాడుదురు. అది మన టేకులో సుమారు నాల్గవ వంతు బరువు తూగును. అది ఖరీదైనది గనుక మేము బొమ్మలు, పటములు అంటించుటకు దుకాణములలో అమ్ము ఫోము అట్టను వాడితిమి. రెక్క లోపల వెన్నెముకగా వెదురు బద్దను పెట్టితిమి. ఇట జిగురు విషయమున ఒక మాట. ఘాటైన వాసన గల జిగుళ్లు కొన్ని థర్మాకోలును, ఫోమును కరగించివేయును. మా పిల్లలలో నొకడు తొందరపడి రెక్క నడుమ అట్టి జిగురు పూయగా, మేము చూచుచుండగనే అచట అరచేతి యంత గుంత పడెను. ఆనాటినుండి ఏ జిగురునైనను ముందుగా ఒక తునకపై పూసి, పది నిమిషములు చూచి, తరువాతనే వాడుచున్నాము.

రెక్కను జిగురుతో అతికి ఆరబెట్టునపుడు బల్ల చదునుగా నుండవలెను. బల్లకు వంపు ఉన్నచో రెక్కకు మెలి వచ్చును. మెలిపడిన రెక్క ఎల్లప్పుడును ఒక ప్రక్కకు లాగును. అది ఎగురువానితో తగవులాడుచునే యుండును. ఆరిన పిమ్మట విమానమును దూరముగా నుంచి, వెనుకనుండి ఒక కన్ను మూసి చూడవలెను. రెక్కయు తోకపలకయు ఒకదానితో నొకటి సమాంతరముగా నుండవలెను, నిలువుతోక వానికి లంబముగా నుండవలెను. రెక్క ప్రతి కొననుండి తోక చివరకు దారముతో కొలిచినచో రెండు కొలతలును ఒకటే కావలెను. ఈ పనికి మేము తాపీమేస్త్రి దారమునే వాడితిమి.

రెక్కల వెనుక అంచున కదలు పలకలు రెండు కలవు. వీనిని ఎయిలెరానులందురు. ఒకటి లేచినచో వేరొకటి దిగును, విమానము ప్రక్కకు వాలును. తోకపలక వెనుక నున్నది ఎలివేటరు, అది ముక్కును ఎత్తును, దించును. నిలువుతోక వెనుక నున్నది పడవకున్నట్టి చుక్కానియే. వీనిని కదల్చుటకు సర్వోలను చిన్న యంత్రములు కలవు. మీ చేతిలోని పెట్టె పంపిన ఆజ్ఞను విమానములోని రిసీవరు అందుకొని, సెకనుకు 50 మారులు చొప్పున చిన్న విద్యుత్ స్పందనములుగా సర్వోకు చెప్పును. ఆ స్పందనము సెకనులో వెయ్యింట ఒకటిన్నర వంతు ఉన్నచో సర్వో చేయి నడుమ నిలుచును. వెయ్యింట ఒక వంతైనచో ఒక ప్రక్కకు, రెండు వంతులైనచో రెండవ ప్రక్కకు తిరుగును. ఇంత సూక్ష్మమైన కాలభేదమును గుర్తించు యంత్రము అగ్గిపెట్టెకన్న చిన్నది.

ఇక తూకపు సంగతి. ఇది అన్నింటికన్న ముఖ్యము గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. రెక్క ముందు అంచునుండి వెనుకకు 5 సెంటీమీటర్ల వద్ద ఒక గీత, ఆరున్నర సెంటీమీటర్ల వద్ద ఒక గీత గీయవలెను. బ్యాటరీ మొదలు అన్ని సరంజాములను లోపల అమర్చి, రెండు చేతుల చూపుడువ్రేళ్లతో రెక్కను ఈ గీతల నడుమ ఎత్తిపట్టవలెను. విమానము చదునుగానో, ముక్కు కొంచెము వంగియో నిలువవలెను. దాని గరిమనాభి ఆ చోట నున్నదన్నమాట. తోక క్రిందికి వ్రాలినచో ఆ విమానమును ఎగురవేయరాదు. ముక్కు బరువైన విమానము బద్ధకముగా పోవును. తోక బరువైనది, తన ముక్కును తానే పైకెత్తుకొని, మీ చేతికి లొంగక, పట్టు తప్పి కూలును.

మా విమానపు తోక గరిమనాభికి 54 సెంటీమీటర్లు వెనుక, ముక్కు 18 సెంటీమీటర్లు ముందు ఉన్నవి. తోకపై 10 గ్రాముల రంగు పూసినచో దానిని సరిదూచుటకు ముక్కున 30 గ్రాముల సీసము పెట్టవలసివచ్చును. కోమటి త్రాసు న్యాయమే యిది. పిల్లలు తోకపై నెమలికన్ను చిత్రింపవలెనని పట్టుపట్టినపుడు నేను ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపితిని. వారు ఆలోచించి నెమలికన్నును ముక్కుపై చిత్రించిరి.

బ్యాటరీని గూర్చి కఠినముగా చెప్పవలసియున్నది. లిథియం పాలిమరు బ్యాటరీ చిన్నదైనను అందు గొప్ప శక్తి కలదు. మూడు సెల్లుల బ్యాటరీ 180 గ్రాములు తూగును, 11.1 వోల్టు లిచ్చును. ఒక్కొక్క సెల్లును 4.2 వోల్టులకు మించి నింపరాదు. నింపుచున్నంతసేపు పెద్దవారు దగ్గర నుండవలెను, అది బండపైనో ఇసుకపళ్లెములోనో యుండవలెను. ఉబ్బినదానిని, నలిగినదానిని మరల వాడరాదు. మన వేసవి యెండలో మూసిన కారులోను, స్కూటరు పెట్టెలోను దానిని విడిచిపెట్టరాదు. ఇది అంటుకొనినచో ఆర్పుట కష్టము.

పంకాయు అంతే. 10 అంగుళముల పంకా నిమిషమునకు 7,000 మారులు తిరుగునపుడు దాని కొన సెకనుకు సుమారు 93 మీటర్ల వేగముతో పోవును. ఇంటిలో ఏ పరీక్ష చేసినను పంకాను ఊడదీసియే చేయవలెను. ఎగురవేయు చోట ఎవ్వరును దాని ముందు గాని, దాని ప్రక్కన గాని నిలువరాదు.

ఇప్పటి రేడియో పెట్టెలు సెకనుకు సుమారు 240 కోట్ల కంపనములు గల తరంగములతో పనిచేయును. పూర్వము అమెరికా మైదానములలో ఒకే తరంగముపై ఇద్దరు పెట్టెలు తెరచినచో ఒకరి విమానము వేరొకరి యాజ్ఞ విని కూలెడిది. నేటి పెట్టె తన రిసీవరుతో ముందుగా జతకట్టుకొని, దానితోనే మాటలాడును. అయినను ఒక క్రమము తప్పరాదు. మొదట చేతిలోని పెట్టెను తెరచి, తరువాత విమానమునకు బ్యాటరీ తగిలింపవలెను. ముగించునపుడు మొదట విమానపు బ్యాటరీ తీసి, తరువాత పెట్టెను మూయవలెను. యజమాని మాట వినబడని వేళ మోటారునకు ప్రాణము ఉండరాదు. పంకా ఊడదీసి యున్నపుడు పెట్టెను కావలెనని మూసి చూడుడు. మోటారు తనంత తాను ఆగిపోవలెను. ఆ విధముగా రిసీవరునకు ముందే నేర్పియుంచవలెను. దారము తెగిన గాలిపటమునకు లేని బుద్ధి దీనికి మనము ఇయ్యగలము.

నా మొదటి విమానము ఆయువు నాలుగు సెకనులు. ఆ కథ చెప్పుటకు నాకు ఇప్పటికిని సిగ్గే. నా గురువైన శిష్యుడు ఆనాడు ఊరిలో లేడు. వాడు వచ్చువరకు ఆగుమని మనస్సు చెప్పినది. పిల్లలు చుట్టుమూగి చూచుచుండగా ఆగలేకపోతిని. మీటలు కదల్చి చూచితిని, పలకలు చురుకుగా కదలినవి. సంతోషించి విమానమును విసరించితిని. అది లేచినది. చిన్న గాలితెరకు కుడిరెక్క కొంచెము వాలినది. నేను మీటను ఎడమకు త్రోసితిని. ఇంకను కుడికి వాలినది. కంగారుపడి ఇంకను ఎడమకు త్రోసితిని. అది తలక్రిందై నేలను తాకినది. తరువాత చూడగా పెట్టెలో ఎయిలెరానుల ఆజ్ఞ తారుమారై యున్నది. పలకలు కదలుట చూచితినే గాని ఏవైపు కదలుచున్నవో చూడలేదు.

కావున విమానము వెనుక నిలిచి, ప్రతిమారును, బిగ్గరగా చెప్పుచు చూడవలెను. మీట కుడికి త్రోసినచో కుడిరెక్క పలక పైకి లేవవలెను, ఎడమది దిగవలెను. మీటను తనవైపు లాగినచో ఎలివేటరు పైకి లేవవలెను. చుక్కాని మీట కుడికైనచో చుక్కాని కుడికి తిరుగవలెను. మా పిల్లలు దీనిని ఎక్కము వలె వల్లించుదురు. "కుడి మీట, కుడి పలక పైకి!" అని ఒకరు, "పైకి!" అని వేరొకరు.

ఎగురవేయు చోటును గూర్చి ప్రభుత్వ నియమములు కలవు. 2021లో భారత ప్రభుత్వము ప్రకటించిన డ్రోను నియమావళి దేశపు ఆకాశమును పటముపై పచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినది. పచ్చ మండలములో సాధారణముగా 120 మీటర్ల ఎత్తువరకు ఎగురవేయవచ్చును. విమానాశ్రయముల సమీపమునను, ఎరుపు మండలములలోను కోరినట్లు ఎగురవేయుటకు వీలులేదు. పెద్దవారితో కూడి ఆ పటమును, తమ విమానపు బరువునకు వర్తించు నియమములను చూచుకొనక బయలుదేరరాదు. ఇండ్లు, విద్యుత్తీగలు, రహదారి, జనసమ్మర్దము ఉన్నచోట ఎంత నేర్పరియైనను ఎగురవేయరాదు. మాకు వేసవిలో ఎండిన చెరువు గర్భమే మైదానము. ఉదయము ఆరు గంటలకు గాలి నిదానముగా నుండును. పది దాటినచో నేల కాగి సుడిగాలులు లేచును. గ్రద్దలు రెక్కాడింపక పైకి పోవుచుండుట చూచినచో మా పిల్లలు తామే సామాను సర్దుదురు.

విమానమును ఎల్లప్పుడు గాలికి ఎదురుగా వదలవలెను, ఎదురుగానే దింపవలెను. ఎదురుగాలి రెక్కకు ఉచితముగా వేగ మిచ్చును. నేర్చుకొనువాడు మొదట 40, 50 మీటర్ల ఎత్తునకు పోయి అచటనే మలుపులు తిప్పవలెను. తప్పు చేసినను దిద్దుకొనుటకు చోటుండును. విమానము మన నుండి దూరముగా పోవునపుడు దాని కుడి మన కుడియే. అది మనకు ఎదురుగా వచ్చునపుడు కుడి యెడమలు తారుమారగును. ఎందరో ఇచటనే విమానములను పోగొట్టుకొనిరి. నా శిష్యుడు చెప్పిన ఉపాయము సులభము: ఎదురుగా వచ్చునపుడు ఏ రెక్క క్రిందికి వాలియున్నదో మీటను ఆ రెక్క కనబడు వైపునకే త్రోయవలెను, క్రింద ఊత పెట్టినట్లు.

మా మూడవ విమానము కట్టుటకు రెండున్నర నెలలు పట్టెను. ఎనిమిదిమంది పిల్లలు బడి విడిచిన తరువాత మా యింటి వసారాలో పనిచేసిరి. దానికి పాలపిట్ట యని పేరు పెట్టిరి. వారిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అందరికన్న నిదానపరురాలు. మే నెలలో నొక ఉదయము నేను ప్రక్కన నిలిచియుండగా ఆమె ఆరు నిమిషములు ఎగురవేసి, దింపుటకు మలుపు తిప్పెను. అప్పటికే బ్యాటరీ తగ్గినదని పెట్టె కూయుచుండెను. చెరువుకట్ట వైపు కాపలా యుంచిన ఇద్దరు బాలురు, దిగుట చూడవలెనను వేడుకతో, తమ చోటు విడిచి మావద్దకు పరుగెత్తి వచ్చిరి. వారిని తిరిగి పంపవలసినవాడను నేను. నా చూపును విమానముపైననే యుండెను.

తప్పించుకొనిన మేకపిల్ల నొకదానిని తరుముకొనుచు ఏడెనిమిది యేండ్ల బాలుడొకడు కట్టపైనుండి దూకి, సరిగా విమానము దిగు దారిలోనికి పరుగెత్తి వచ్చెను. వాడు మేకను చూచుచుండెనే గాని ఆకాశమును చూడలేదు. విమానము మూడు నిలువుల ఎత్తున, వానివైపే వచ్చుచుండెను. "ఆగు! ఆగు!" అని నేను కేకవేసితిని. ఆ కేక విని వాడు నిజముగనే ఆగెను, దారి నడుమ. నేను మీటలకై చేయి చాచునంతలో ఆ బాలిక మోటారును ఆపి, మీటను పూర్తిగా ఎడమకు త్రోసి లాగెను. పాలపిట్ట ఎడమరెక్కను నేలకు రాచి, తుమ్మపొదలో బడి, చప్పుడుతో విరిగెను. మేకపిల్ల మరల కట్టవైపు పరుగెత్తెను.

ఎవ్వరును మాటాడలేదు. ఆ బాలిక పెట్టెను పట్టుకొనియే నిలిచి, "మాస్టారూ, కూల్చేశాను" అనెను. "బ్యాటరీ తీసి రా అమ్మా, ముందు" అని మాత్రము నేననగలిగితిని. ఆమె పొదవద్దకు పోయి బ్యాటరీ తీసి, వచ్చి, పెట్టెను మూసెను. అపుడు గాని ఆమె కండ్లలో నీరు రాలేదు. మేకలబాలుడు విరిగిన రెక్కకొనను రెండు చేతులతో పట్టుకొని తెచ్చి, "అయ్యగారూ, ఇదుగో మీ పిట్ట రెక్క" అని నాకిచ్చెను. వాని నుదుట చెమట తప్ప ఏమియు లేదు. నేను ఆ రెక్కను అందుకొనునపుడు నా చేతులు వణకుచుండెను.

సాయంకాలము వసారాలో వాదము జరిగెను. మోటారు వేగము పెంచి పైకి లేపి, మరల చుట్టి వచ్చి దింపియుండవచ్చునని ఒక బాలుడు వాదించెను. దారిలో అడ్డము వచ్చినపుడు మామూలుగా చేయవలసిన దదియే. వాని మాట తప్పు కాదు. బ్యాటరీని కొలిచి చూచితిమి. సెల్లుకు 3.5 వోల్టులు మిగిలియున్నవి. లేచియుండవచ్చును, లేవకపోయి యుండవచ్చును. "లేస్తుందో లేదో నాకు తెలియలేదు. పొదలో పడుతుందని మాత్రం తెలుసు" అని ఆ బాలిక చెప్పెను. ఆ బాలుడు కొంతసేపు ఊరకుండి, తానును కట్టమీద కాపలా విడిచి వచ్చినవారిలో నొకడనని తలవంచుకొని చెప్పెను. తప్పులో పెద్దపాలు నాదని నేను వారి యెదుట ఒప్పుకొంటిని.

పాలపిట్టను బాగుచేయుటకు మూడు వారములు పట్టెను. విరిగిన తోకకు పూసిన జిగురు 12 గ్రాములు తూగెను. వ్రేళ్లపై నిలిపి చూడగా గరిమనాభి సుమారు 7 మిల్లీమీటర్లు వెనుకకు జరిగియుండెను. సీసము పెట్టి బరువు పెంచుటకు పిల్లలు ఒప్పుకొనలేదు. లెక్కవేసి, బ్యాటరీ అరను మూడున్నర సెంటీమీటర్లు ముందుకు జరిపిరి. తూకము గీతల నడుమకు వచ్చెను.

జూన్ నెలలో తొలివానకు చెరువులో నీరు చేరకముందే ఒక ఉదయము మరల పోతిమి. కట్టకు రెండు వైపుల ఇద్దరేసి పిల్లలు ఈలలు పట్టుకొని నిలిచిరి. మేకలబాలుడును వారిలో నొకడై, తన ఈలను మాటిమాటికి ఊది పరీక్షించుచుండెను. ఆ బాలిక విమానము వెనుక నిలిచి పెట్టెను తెరచెను. బ్యాటరీ తగిలించిరి.

"కుడి మీట, కుడి పలక పైకి!"

"పైకి!"